కారణము చెప్పని వచనము

నేడు తెలుగువారు దినమునకు పెక్కుమాఱులు చదువుచు, ఒక్కమాఱైనను విమర్శింపక విడుచుచున్న వచనము మూడు విధములుగ నున్నది. చేతిలోని ఫోనుపై అప్‌డేటు వచ్చినదని చెప్పు నాలుగు పంక్తుల ప్రకటన మొదటిది. ఏ కంపెనీ యేమి విడుదల చేసినది, ఎవరిని అధిపతిగా నియమించినది, ఎందఱను పనినుండి తొలగించినది యని తెలుపు సాంకేతిక వ్యాపారవార్త రెండవది. వెబ్ పేజీలు కట్టుట నేర్పెదమని ముందుకు వచ్చు పాఠము మూడవది. కావ్యమును, కథను తూచు తక్కెడలో వీనిని పెట్టుట పరిహాసాస్పదమని కొందఱు పెద్దలనవచ్చును. అనుదురుగాక. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, వారి మిత్రులును రసాయనము, జీవశాస్త్రము మొదలగునవి తెలుగు వచనమునకు తగిన విషయములే యని తలచి పుస్తకములు వ్రాయించిరి. ఆ పుస్తకములలోని శాస్త్రము కొంత పాతబడినది, పలుకుబడియు పాతబడినది. ఐనను చదువరిని వెంటబెట్టుకొని పోవలెనను శ్రద్ధ పాతబడలేదు. సంగతి చెప్పినవాడు "ఏలయన" అని మఱియొక వాక్యము మొదలిడవలసియుండును. పైని చెప్పిన మూడు వచనములను ఈ యొక్క "ఏలయన" అను గీటురాతిపై గీచి చూడవలెనని మా తలంపు.

మూటిని ఒకే సంఘటన దగ్గఱ నిలిపి పరీక్షింతము. అది మన అక్షరమునకు సంబంధించినదే గావున పరీక్ష సులభము.

2018 ఫిబ్రవరిలో ఐఫోనులకు ఒక వింత జబ్బు పట్టినది. ఎవరైన ఒక తెలుగు అక్షరమును సందేశముగా పంపినచో, అది తెరమీద కనబడవలసిన క్షణముననే ఆ యాప్ మూతపడెడిది. మఱల తెఱచిన మఱల మూతపడెడిది. ఆ యక్షరము "జ్ఞా". జ్ఞానము, జ్ఞాపకము, విజ్ఞానము అను మాటలలో మనము పలుకు జ్ఞా. లోకమంతటను వార్తలు ప్రాకినవి. ఒక తెలుగు అక్షరము ఐఫోనును పడగొట్టుచున్నదను ధోరణి శీర్షికలే యెక్కువ. ఆకతాయిలు దానిని ఒకరికొకరు పంపుకొని వినోదించిరి. అప్పటికి తెలుగులిపి పేరు వినని దేశములలో గూడ మన అక్షరమును ప్రజలు తెలిసికొనిరి. తెలిసికొన్నది మాత్రము విషమువలె.

జరిగినదేమి? ప్రపంచములోని లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించు యూనికోడు అను ప్రమాణము 1991లో మొదట వెలువడినది. అందు తెలుగునకు 128 గదుల యిల్లు దొరకినది. ఆ యింట జకు ఒక గది, ఞకు ఒక గది, అచ్చును తీసివేయు పొల్లునకు ఒక గది, దీర్ఘమునకు ఒక గది కలవు. జ్ఞా అను సంయుక్తాక్షరమునకు ప్రత్యేకముగ గది లేదు. జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అను నాలుగు సంఖ్యలు వరుసగ వచ్చినప్పుడు, అక్షరములను కూర్చు ప్రోగ్రాము వానిని జోడించి ఒక రూపము గీయును. ఇవి గాక కంటికి కనబడని, వెడల్పు లేని, విడదీయు గుర్తొకటి కలదు. అది పనికిమాలినది కాదు. ఈ వ్యాసమున "అప్‌డేటు" అను మాటలో పకారపు పొల్లు క్రింద డకారము ఒత్తుగా దిగిపోకుండ ఆపినది ఆ గుర్తే. పొల్లు తరువాత దానికి పని కలదు. ఞకారమునకును దీర్ఘమునకును నడుమ దానికే పనియు లేదు. ఆ పనిలేని చోట దానిని చొప్పించి పంపినప్పుడు మాత్రమే ఫోనులోని కూర్పుప్రోగ్రాము దారి తప్పి పడిపోయినది. మనమందఱము దినమును వ్రాయు జ్ఞా వలన ఏ ఫోనునకును అపాయము కలుగలేదు. మొజిల్లా సంస్థలోని యొక ప్రోగ్రామరు ఆ వారముననే పరిశోధించి, ఇది తెలుగునకే చుట్టుకొన్న దోషము కాదనియు, బంగాళీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకును ఇదే గతి పట్టుననియు విపులముగ వ్రాసెను. దోషము అక్షరములో లేదు, మనలో లేదు. మన లిపులు కూడికచే రూపొందునను సంగతిని తగినంత పరీక్షింపని ప్రోగ్రాములో నున్నది.

ఇక వచనము. ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ సంస్థ 11.2.6 అను సంఖ్యతో అప్‌డేటు పంపినది. దాని వెంట వచ్చిన ప్రకటనలో, కొన్ని అక్షరముల వరుసలను వాడినచో యాపులు పడిపోవు చిక్కు సవరింపబడినదను భావముగల వాక్యమొకటి కలదు. అంతే. వాక్యము అసత్యము కాదు. వ్యాకరణము సరిగ నున్నది. ఐనను, ఎవరి అక్షరములు? ఏ వరుస? ఏల పడిపోయినవి? వారముదినములు లోకమంతటను నగుబాటు పాలైన లిపి పేరు ఆ వాక్యమున లేదు. ఈ అప్‌డేటును వెంటనే వేసికొనవలసిన అగత్యము లోకములో నెల్లరకంటె ఎక్కువగ ఎవరికి గలదో, వారిని ఉద్దేశించి ఒక్క మాటయు లేదు.

దోషముల వివరమును బయట పెట్టుట దొంగకు తాళపుచెవి యిచ్చుటయే యని కంపెనీలవారు సమాధానము చెప్పుదురు. ఇది త్రోసివేయదగిన సమాధానము కాదు. అప్‌డేటు వేసికొననివారు ఇంకను కోట్లకొలది యుండగా చిల్లు ఎక్కడనున్నదో చాటుట ప్రమాదమే. కాని యీ సందర్భమున ఆ తాళపుచెవి అప్పటికే బడిపిల్లల చేతులలో నాడుచుండెను. దాచుటకేమియు మిగులనప్పుడు గూడ దాచుట జాగ్రత్త యనిపించుకొనదు, అలవాటనిపించుకొనును.

ఆ యలవాటునకు నమూనా తక్కిన యాపుల ప్రకటనలలో దొరకును. "దోషములు సవరింపబడినవి, పనితీరు మెఱుగుపఱుపబడినది." ఈ రెండు ముక్కలను వారమునకొకమాఱు ప్రతి ఫోనును మోసి తెచ్చుచున్నది. మన పెద్దలు ఉత్తరము వ్రాయునప్పుడు "ఉభయకుశలోపరి" యని మొదలిడి, ఆపై అసలు సంగతి వ్రాసెడివారు. ఈ ఉత్తరములు ఉభయకుశలోపరితోనే ముగియుచున్నవి. చేసినవాడెవడో చెప్పని కర్మణిప్రయోగము తెలుగునకు సహజము కాదని మన వైయాకరణులు పలుమాఱు చెప్పియున్నారు. ఇందు అది అసహజము మాత్రమే కాదు, ఉపాయము గూడ. సవరించినదెవరు, చెడగొట్టినదెవరు అను ప్రశ్న ఆ క్రియాపదముచాటున మాయమగుచున్నది.

ఇది శైలీదోషము మాత్రమే యైనచో ఇంత కాగితము వెచ్చింపము. కారణము తెలియని మనుష్యుడు "తరువాత చూతము" అను మీటను నొక్కును. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోసులోని యొక పెద్ద చిల్లునకు మాటు వేసి పంపినది. వేసికొన్నవారు వేసికొనిరి. రెండు మాసములు తిరుగకముందే, మే 12వ తేదీన వానాక్రై యను దుష్టప్రోగ్రాము ఆ చిల్లునుండియే దూఱి, కంప్యూటరులలోని పత్రములకు తాళము వేసి, తీయుటకు డబ్బు అడిగినది. ఇంగ్లండులోని ఆస్పత్రులు చికిత్సలు వాయిదా వేసినవి. ఆంధ్రప్రదేశములోని పోలీసు కంప్యూటరులు కొన్ని గూడ దానివాత పడినవి. మాటు రెండు మాసములు ముందే చేతికి వచ్చియున్నది. దానిని వేసికొననిచో నేమగునో మనుష్యులకు తెలియు భాషలో చెప్పినవారు లేరు.

చేతకాక చెప్పలేదనుటకు వీలులేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణకంపెనీ పంపిన యొక చిన్న అప్‌డేటువలన, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల విండోసు కంప్యూటరులు పడిపోయినవి. మన హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. ఆగస్టులో ఆ కంపెనీ మూలకారణమును వివరించు పత్రము ప్రకటించినది. దాని సారము మూడు మాటలలో చెప్పవచ్చును: క్రొత్త నియమము 21 విలువలు వచ్చునని యెదురుచూచినది, ప్రోగ్రాము 20 మాత్రమే అందించినది, లేని యిరువదియొకటవ దానికై చేయి చాచి ప్రోగ్రాము గోతిలో పడినది. విస్తరి 21 వేసి భోజనమునకు 20మందిని పిలుచుట వంటిదని పల్లెటూరి వంటవానికిని చెప్పవచ్చును. ఆ పత్రము లోకము మొత్తుకొన్న తరువాత వచ్చినదే. ఐనను "ఏలయన" అను మాటకు జవాబిచ్చినది. విమానములు ఆగినంత గొడవ యైనగాని కారణము వెలువడదా యని మా ప్రశ్న.

రెండవ వచనము వార్త. ఇందును గూర్చి ఎక్కువ వ్రాయవలసిన పని లేదు. దాని గుణదోషములు పైకే కనబడును. మన పత్రికలలో సాంకేతిక వ్యాపారవార్తకు మూడు రసములే తెలియును. క్రొత్త ఫోను వెల, కెమేరా కండ్ల లెక్క చెప్పునప్పుడు అద్భుతము. మనవాడొకడు పెద్దకంపెనీకి అధిపతి యైనప్పుడు వీరము. ఉద్యోగుల తొలగింపు, అమెరికా వీసా మార్పులు వచ్చినప్పుడు భయానకము. 2007లో శంతను నారాయణ్‌గారు అడోబీకిని, 2014లో సత్య నాదెళ్లగారు మైక్రోసాఫ్ట్‌కును అధిపతులైనప్పుడు హైదరాబాదు ఉప్పొంగినది. ఉప్పొంగుటను మేము తప్పుపట్టము. కాని అదే అడోబీ, ఫ్లాష్ అను తన ప్రోగ్రామును నిలిపివేయనున్నట్లు 2017 జూలైలో చెప్పి, 2020 డిసెంబరు 31న నిలిపివేసినది. మన పట్టణములలో మల్టీమీడియా శిక్షణాలయములు ఏండ్ల తరబడి ఫ్లాష్ నేర్పినవి. ఆ విద్యను నమ్ముకొని కూడుతిన్నవారు గలరు. అధిపతి తాతముత్తాతల ఊరు వెదకిన విలేఖరులు, ఆ విద్య ఏల మాయమగుచున్నదో, దానికి బదులు హెచ్.టి.ఎమ్.ఎల్. అను మూలభాషలోనే వీడియోకును బొమ్మకును చోటు ఎట్లు కలిగినదో వ్రాసి, ఆ యువకులకు మూడేండ్ల గడువున్నదని హెచ్చరించియుండవలసినది.

ఫ్లాష్‌ను తన ఫోనులలోనికి ఏల రానీయలేదో స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిలులో ఒక బహిరంగలేఖ వ్రాసెను. బాటరీ, భద్రత, చేతివ్రేలి స్పర్శ, ఒకే కంపెనీ చేతిలో తాళముండుట యని కారణములు వరుసపెట్టెను. అందు అతని స్వార్థము లేదని మేమనము. తన దుకాణపు ద్వారము తాను మూసికొని, ఎదుటివాని తాళమును నిందించుట అందు లేకపోలేదు. ఐనను వాదించుటకు వీలైన లేఖ అది. కారణము చెప్పినవానితో పోట్లాడవచ్చును. చెప్పనివానితో పోట్లాటయు కుదరదు.

మూడవ వచనమునకు వచ్చితిమి. మా యసలు బాధ యిక్కడ.

హైదరాబాదున అమీరుపేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల నడచిన వారెవరైనను ఆ ఫ్లెక్సీబోర్డులను చూచియుందురు. మేడ మేడకును, కిటికీ కిటికీకిని ప్రోగ్రామింగు పేర్లే. శ్రీకాకుళమునుండి, పాలమూరునుండి, అనంతపురమునుండి పిల్లలు వచ్చి, ఇఱుకుగదుల హాస్టళ్లలో దిగి, పైరు అమ్మిన డబ్బో, బంగారము కుదువబెట్టిన డబ్బో కట్టి, ఆ పేర్లలో ఒకదానిని మూడు నాలుగు మాసములలో నేర్చుకొందురు. నేర్పువారిలో కష్టజీవులు, తెలివిగలవారు, విద్యార్థిపై ప్రేమగలవారు ఉన్నారు. తెల్లవారుజాముననే తరగతి మొదలిడి గొంతు పోవువఱకు చెప్పువారిని మేమెఱుగుదుము. ఇప్పుడు తెలుగులో వీడియో పాఠములు గూడ విరివిగ వచ్చినవి. డబ్బు లేని పిల్లవానికి అవి మహోపకారము. కావున ఇది వ్యక్తులపై అభియోగము కాదు. పాఠము అను రచనారూపముపై విమర్శ.

ఆ రచనారూపమున క్రియలన్నియు విధ్యర్థకములు. ఇది తెఱువుము, ఇది దింపుకొనుము, ఇట్లు కొట్టుము, ఇప్పుడు నడుపుము, చూచితివా, వచ్చినది. వంటపుస్తకమైనను ఇంతకంటె దయగలది. పోపు మాడకుండ మంట తగ్గింపుమని కారణముతో చెప్పును. ఈ పాఠమున తెరమీద ఎఱ్ఱని దోషవాక్యము వచ్చినప్పుడు గురువు దానిని చదువడు. వేగముగ పైకి నెట్టివేయును. ఆ యెఱ్ఱవాక్యమే విద్యార్థి జీవితమంతయు చదువవలసిన ముఖ్యవచనమని మా అభిప్రాయము. దానిని చదువుట నేర్పని పాఠము, ఈత నేర్పెదనని చెప్పి గట్టునుండి నీళ్లు చూపిన చందమున నున్నది.

ఫలితమేమి? అప్‌డేటు వచ్చిన నాడు విద్య చచ్చును. గూగుల్ సంస్థవారి యాంగులర్‌జేయస్ ఒకప్పుడు ఆ బోర్డులన్నిటిపై వెలిగిన పేరు. 2016 సెప్టెంబరులో దాని రెండవ రూపము వచ్చినది. పేరున పోలికయే గాని, లోపల మొదటిదానితో పొత్తు లేదు. 2021 సంవత్సరాంతముతో మొదటిదానికి పోషణ నిలిచిపోయినది. రియాక్టు నేర్చుకొనువారికి మొదటి మెట్టుగ ఏండ్లతరబడి చూపిన "క్రియేట్ రియాక్ట్ యాప్" అను పరికరమును 2025 ఫిబ్రవరిలో దాని కర్తలే క్రొత్తవారు వాడవలదనిరి. ఈ మార్పులలో చాలవఱకు హేతువులున్నవి. మేము మార్పును నిందించు ఛాందసులము కాము. యాంగులర్ ఏ కొఱత తీర్చుటకు పుట్టినదో, అనగా పేజీలోని సమాచారము మాఱినప్పుడు తెరమీది రూపమును ఎవరు మార్చవలెనను చిక్కును, ఎఱిగిన విద్యార్థికి రెండవ రూపమైనను, రియాక్టైనను, ఇకముందు రాబోవునదైనను ఆ చిక్కునకే మఱియొక సమాధానముగ కనబడును. ఎఱుగనివానికి ప్రతి యప్‌డేటును ఒక క్రొత్త ఫీజు రసీదుగ కనబడును. రెండవవాడు మఱల అమీరుపేటకు వచ్చును. ఇందు ఎవరికి లాభమో మేము విప్పి చెప్పనక్కఱలేదు.

కారణములు నీరసములు, విద్యార్థులు వినరు అనువారు గలరు. అది కథ చెప్పనేరనివారి మాట. ఒకటి చెప్పెదము. జావాస్క్రిప్టు భాషలో పట్టికలోని పట్టికలను విప్పి చదునుచేయు పనికి "ఫ్లాట్" అను పేరు కలదు. మొదట పెట్టదలచిన పేరు "ఫ్లాటెన్"; ఇంగ్లీషులో అదియే సరియైన క్రియాపదము. 2018లో ఫైర్‌ఫాక్స్ పరీక్షారూపమున ఆ పేరుతో దానిని ప్రవేశపెట్టగా ఎచ్చటనో ఒక పాత వెబ్‌సైటు చెడిపోయినది. ఏలయన, మూటూల్స్ అను నొక పాత గ్రంథాలయము అదే పేరుతో తన సొంత పనిముట్టును ఏండ్ల క్రిందటనే పెట్టుకొనియుండెను. ఆ పేరును భాష తానే తీసికొనగానే రెండును తగులుకొన్నవి. మూటూల్స్ అప్పటికి వాడుక తగ్గినది. దానిపై కట్టిన పేజీలు మాత్రము లోకమున చెదరియున్నవి. కట్టినవారు ఇప్పుడెక్కడనున్నారో తెలియదు. భాషను శాసించు సభవారిలో ఒకరు "స్మూష్" అను పేరు పెట్టుదమని పరిహాసమాడగా వార్తలు ఆ పరిహాసమును పట్టుకొని గంతులు వేసినవి. సభవారు తుదకు, ఎవరో ఎఱుగని ఆ పాతపేజీలు చెడకూడదని, తామే సరియైన మాటను వదలుకొని "ఫ్లాట్" అని పెట్టిరి. వెబ్ అను మహాగ్రామమున వెనుక కట్టిన యిల్లు కూల్చి ముందు కట్టరాదను ధర్మము ఇందున్నది. మొట్టమొదటి వెబ్ పేజీని సెర్న్ పరిశోధనాలయమువారు 2013లో దాని పాత చిరునామాకు తెచ్చి నిలుపగా ఆనాటి బ్రౌజరులలో తెఱచుకొన్నది ఈ ధర్మమువలననే. మా ప్రాంతపు పాఠములలో "ఫ్లాట్ అనగా చదును చేయును, పరీక్షలో వచ్చును" అని ఒక్క పంక్తి చెప్పి ముందుకు సాగుదురు.

మఱియొకటి. మీరు ఏ పేజీనుండి వచ్చితిరో సర్వరునకు తెలుపు తలపంక్తి కలదు. 1996 నాటి హెచ్.టి.టి.పి. ప్రమాణపత్రమున దాని ఇంగ్లీషు పేరులో ఒక "ఆర్" తగ్గి వర్ణక్రమదోషముతో పడినది. నేటివఱకు అట్లే యున్నది; సరిదిద్దినచో లోకములోని సర్వరులన్నియు దానిని గుర్తింపలేవు. మన వైయాకరణులు మహర్షుల నోట వచ్చిన అపశబ్దమును ఆర్షప్రయోగమని తలవంచి అంగీకరించిరి. బడిలో పిల్లవాడు వ్రాసినచో తప్పు. వ్యాసుడు వ్రాసినచో ఆర్షము. ఇంతకంటె చక్కని ఉపమానము తెలుగు గురువునకు వెబ్ పాఠమున ఇంకెక్కడ దొరకును? ఈ తప్పు ఏల నిలిచినదో తెలిసిన విద్యార్థి, ఆ మాటను తన ప్రోగ్రామున ఇంగ్లీషు నిఘంటువు ప్రకారము సరిగ వ్రాసి, ఏల పనిచేయదని రాత్రియంతయు తలపట్టుకొని కూర్చుండడు.

పాఠముల భాషను గూర్చియు ఒక మాట. వీడియోగురువులు సగము ఇంగ్లీషు కలిపి మాటలాడుదురని భాషాభిమానులు చిన్నబుచ్చుకొనుచున్నారు. మాకు ఆ కోపము లేదు. బ్రౌజరు, సర్వరు, ఫంక్షను అను మాటలకు సంస్కృతపదములు అచ్చుపోసి కూర్చుండుట వ్యర్థశ్రమ. రైలు, పోస్టు, కోర్టు వచ్చినట్లే అవియు వచ్చినవి. తెలుగులో చెప్పుట యనగా నామవాచకములు మార్చుట కాదు. కాబట్టి, కావున, ఐనచో, లేకున్నచో, ఏలయన అను నతుకుమాటలు తెలుగులో గలవు. పాఠములలో కొఱవడినది అవి. నామవాచకము లేమైనను కండ్లు, ముక్కు వంటివి, ఇవి కీళ్లు. కీళ్లు లేని వచనము నిలువబడదు, నడువదు.

"మా పిల్లలకు కావలసినది ఉద్యోగము, కారణము కాదు" అని ఒక శిక్షకుడనిన, ఆ మాటను తేలికగ త్రోసివేయము. ఇంటర్వ్యూలో అడుగునది పేర్లే; మూడు మాసములలో తిరిగి యింటికి డబ్బు పంపవలసిన పిల్లవానికి చరిత్రపాఠము విలాసమే. కాని యిప్పుడు పేర్లు చెప్పిన చాలును, కోడు తానే వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి. "ఇట్లు కొట్టుము" అను పాఠములో నేర్పినదంతయు ఆ యంత్రము తానే కొట్టగలదు. అది వ్రాసినది సరియో కాదో, ఏ మూల తప్పునో చెప్పగల మనుష్యుడు కావలసియున్నాడు. వానికి జీతమిచ్చుట కారణము కొఱకే. శిక్షకుని వాదము మొన్నటివఱకు బలముగ నుండెను. నేడు వాని మార్కెట్టే వానిని ఖండించుచున్నది.

విమర్శకుడు వేలెత్తి చూపుటతో నిలిచిపోరాదు గావున, పాఠమొకటి ఎట్లుండవచ్చునో చూపెదము. మొదట చెప్పిన జ్ఞా వద్దకే వచ్చుచున్నాము. అది వార్తకు పరిహాసమైనను పాఠమునకు పనికివచ్చును. వెబ్ పేజీలో పేరు వ్రాయు పెట్టె నొకటి కట్టుట మొదటి వారముననే నేర్పుదురు. ఆ పెట్టెకు పది అక్షరముల హద్దు పెట్టుమని గురువు చెప్పును. "మాక్స్‌లెంగ్త్" అని వ్రాసి 10 పెట్టుదురు. ఇప్పుడు జ్ఞానప్రసూన యను అమ్మాయిని తన పేరు తెలుగులో వ్రాయమనవలెను. జ్ఞా, న, ప్ర, సూ, న: అయిదక్షరములు. మన పద్యపాదమున లెక్కించినను అయిదే. పెట్టె మాత్రము కడపటి నకారమును లోనికి రానీయదు. జ్ఞానప్రసూ యని నిలిచిపోవును.

తరగతి నవ్వును. నవ్వనిండు. ఏలయన అని అడుగవలసిన క్షణమది. జావాస్క్రిప్టునకు ఆ పేరు పొడవు 11. జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము, నకారము, పకారము, పొల్లు, రేఫ, సకారము, ఊత్వము, నకారము. విద్యార్థులే నల్లబల్లమీద విడదీసి లెక్కింపవచ్చును; బాలవ్యాకరణము చదివిన తాతయ్య పక్కన నున్నచో ఇంకను త్వరగ లెక్కించును. సర్వరునకు పంపునప్పుడు ఈ పదునొకండును యూ.టి.ఎఫ్.-8 ప్రకారము తలకు మూడేసి చొప్పున 33 బైట్లగును. సీతాదేవి యని ఇంగ్లీషులో వ్రాసిన పిల్లకు అక్షరమునకొక్క బైటే. డేటాబేసులో గది కొలత బైట్లలో నున్నచో ఎవరి పేరు తెగిపోవునో అడుగవలెను.

మనుష్యుడు తలచు అక్షరమును లెక్కించుటకు యూనికోడునందు వేఱు నియమము కలదు. "ఇంటల్ సెగ్మెంటరు" అను పనిముట్టు అట్టి లెక్క చేయును, 2024 నాటికి ముఖ్యమైన బ్రౌజరులన్నిటను చేరినది. అందును ఒక కథ. 2023 సెప్టెంబరునకు పూర్వము ఆ నియమము పొల్లు వద్ద అక్షరమును విఱిచెడిది. జ్, ఞా వేఱు, ప్, ర వేఱు. దాని ప్రకారము జ్ఞానప్రసూన పేరు ఏడక్షరములు. ఆ సెప్టెంబరులో వచ్చిన యూనికోడు 15.1 తెలుగుతోబాటు దేవనాగరి, బంగాళీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులలో సంయుక్తాక్షరమును ఒకటిగనే లెక్కింపవలెనని నియమము మార్చినది. ఏడు అయిదైనది. జ్ఞా అను అక్షరము ఐఫోనును పడగొట్టినదని చాటిన వార్తలలో, అయిదున్నర యేండ్లకు అదే జ్ఞా లోకపు లెక్కలో ఒక పూర్ణాక్షరముగ నిలిచినదను వార్త మా కంటబడలేదు.

ఈ పాఠమునకు ఒక గంట పట్టును. ఒక రూపాయి ఖర్చు లేదు. ఆ గంటయందే అప్‌డేటు, వార్త, వెబ్ విద్య మూడును వచ్చినవి. తరువాతి గంటకు ప్రశ్న యిది: ఆ పెట్టెలో 10 అను సంఖ్యకు బదులు ఏమి వ్రాయవలెను? హద్దును తీసివేయవలెనా, పెంచవలెనా, లేక లెక్కించు విధమునే మార్చవలెనా? మూడవదైనచో, పాత ఫోనులు గల పల్లెలవారి బ్రౌజరులు ఆ పనిముట్టును ఎఱుగనప్పుడు ఏమి చేయవలెను? జ్ఞానప్రసూన పేరు పూర్తిగ వ్రాసికొనువఱకు తరగతివారు బల్లలు వదలరాదు.